మోచేతి మీద వేలు

ఆ మంచుకాలం మొదలయ్యే ముందే మా రేవుకి కొత్త మేనేజరు వచ్చాడు. మడత నలగని చొక్కా, మెరిసే బూట్లు. బురదలో కాలు పడకుండా బల్ల మీంచి బల్ల మీదికి గెంతుకుంటూ వచ్చాడు. మా ఇంజను డ్రైవరు ఎప్పుడూ ఏదో ఒకటి సణుగుతూ ఉంటాడని ఆయన్ని అందరం గొణుగుడు అంటాం. ఆ గెంతులు చూసి గొణుగుడు "ఇస్త్రీ సారు దిగాడ్రా" అన్నాడు. ఆ పేరు అలాగే ఉండిపోయింది.

ఇస్త్రీ సారు మమ్మల్నందర్నీ టికెట్ల గది ముందు నిలబెట్టాడు. వచ్చే ఏడాదికి రెండో లాంచీ వస్తుందనీ, దానికి చక్రం పట్టే సరంగుని బయటినుంచి తేననీ, మాలోంచే ఒకణ్ణి తయారుచేస్తాననీ చెప్పాడు. "కూలివాళ్లలా నిలబడకండి, నాయకుల్లా నిలబడండి" అన్నాడు. అదెలాగో తెలియక అందరం ఒకసారి కాళ్లు మార్చి నిలబడ్డాం. గొణుగుడు మాత్రం గోడకి చేరగిలబడ్డాడు.

మిగతావాళ్లు నవ్వుకుని పోయారు గానీ నేను ఆ మాట పట్టుకున్నాను. ఎందుకు పట్టుకోను? మా లాంచీలో చక్రం మా మామయ్యది. టికెట్లు కొట్టేది ఆయన కూతురు, అంటే నా భార్య. లాంచీ ముక్కు దగ్గర నిలబడి గడ వేసి లోతు చూసేవాణ్ణి నేను. ఇంట్లో ఇల్లరికపు అల్లుణ్ణి, లాంచీలో కళాసీని. రెండు చోట్లా చెప్పింది వినే ఉద్యోగమే. గడ పట్టీ పట్టీ అరచేతులు కాయలు కాశాయి. చలికి ఆ కాయలు పగిలి నెత్తురు వచ్చేది. మామయ్య చక్రం నాకొద్దు, నా చక్రం నాకు కావాలి. అందులో తప్పేముంది?

మంచులో మాకొక పద్ధతి ఉంది. నేను గడ దింపి, నీళ్లెంత ఉన్నాయో ఒంటి కొలతల్లో అరుస్తాను. దాన్నే లోతు పిలవడం అంటాం. మెడ అంటే ధీమాగా పోవచ్చు. నడుము అంటే వేగం తగ్గించాలి. మోకాలు అంటే ఆపెయ్యాలి, లేకపోతే లాంచీ ఇసుకలో కూర్చుంటుంది. నేను అరిచిన మాటని సరంగు చక్రం దగ్గర్నుంచి తిరిగి అరవాలి. అది నాకు వినపడ్డాకే గడ ఎత్తి మళ్లీ వేస్తాను. మంచు దట్టంగా ఉంటే మేమిద్దరం ఒకరికొకరు కనపడం. మధ్యలో ఉండేది ఆ మాటొక్కటే. "ముందు కిందివాడి మాట తిరిగి చెప్పు, తర్వాత నీ మాట చెప్పు. సరంగు పనంటే అంతే అల్లుడూ" అనేవాడు మామయ్య, నాకు ఈ పని నేర్పిన రోజుల్లో.

మధ్యాహ్నాలు క్లాసులు మొదలయ్యాయి. టికెట్ల గది వెనక ప్లాస్టిక్ కుర్చీలు, తెల్ల బోర్డు, దాని మీద కిందనుంచి పైకి పోయే బాణం గుర్తు. ఆ బాణం చివర చిన్న బొమ్మ. అది నేనే అనుకున్నాను. గొంతు కడుపులోంచి రావాలన్నాడు, చేతులు జేబుల్లో ఉండకూడదన్నాడు, అన్నిటికన్నా ముఖ్యం ఎదుటివాడి కళ్లలోకి చూడాలన్నాడు.

"మీ సరంగు గారినే చూడండి" అన్నాడు ఒకరోజు. "నేను మాట్లాడుతుంటే ఆయన నా మొహం మీంచి చూపు తియ్యడు. కళాసీ మాట్లాడినా అంతే, కూరగాయల గంపలామె మాట్లాడినా అంతే. అంత మర్యాద మీలో ఎవరికుంది? లీడర్‌షిప్ అంటే అదీ."

అది నిజమే. మామయ్యతో ఎవరు మాట్లాడినా ఆయన పని ఆపి మొహంలోకి చూసేవాడు. వెనకనుంచి పిలిస్తే మాత్రం పలికేవాడు కాదు. అది పెద్దరికం అనుకునేవాళ్లం. నాకు ఆ రోజు ఛాతీ ఉబ్బింది, మామయ్యని పొగిడితే నన్ను పొగిడినట్టే కదా.

ఇంటికెళ్లి అద్దం ముందు నిలబడి నా కళ్లలోకి నేనే చూసుకుంటూ "ఇంజను తగ్గించు!" అని అరిచాను. మా ఆవిడ చీపురు పట్టుకుని వచ్చింది.

"ఎవరికి బావా ఆ ఆర్డరు?"

"అద్దంలో ఉన్నవాడికి."

"వాడు వినడు. వాణ్ణి నేను పెళ్లి చేసుకున్నా, నాకు తెలుసు" అని నవ్వుతూ పోయింది.

నేనూ ఆమెని తక్కువ ఏడిపించేవాణ్ణి కాదు. లాంచీలో టికెట్లు కొట్టడం అవగానే తండ్రి పక్కకి చేరి ఆయన మోచెయ్యి పట్టుకుని నిలబడేది. మంచు రోజుల్లో అయితే అసలు కదిలేదే కాదు. "ఇంత వయసొచ్చినా నాన్న చెయ్యి వదలవేంటే? తప్పిపోతావా?" అని అందరి ముందూ అనేవాణ్ణి. ఆమె ఏమీ అనేది కాదు. నోరున్న మనిషి నోరు మూసుకుంటే ఎందుకో అడగాలన్న జ్ఞానం నాకప్పుడు లేదు.

తర్వాత ఇస్త్రీ సారు కొత్త రూలు తెచ్చాడు. ఒకే ఇంటివాళ్లు ముగ్గురు ఒకే లాంచీలో ఉండకూడదట. ఇకనుంచి టికెట్లు రేవులోనే ఇస్తారు, మా ఆవిడ అక్కడి గదిలో కూర్చోవాలి. నీడపట్టున కుర్చీలో కూర్చునే పని, ఎగిరి గంతేస్తుందనుకున్నాను. మొహం పాలిపోయింది.

"బావా, నువ్వు మానెయ్. సారుతో చెప్పి రేవు పని అడుగు. నన్ను లాంచీలో ఉండనీ."

"నేను రేవులో కూర్చుంటే సరంగు పని ఎక్కడ నేర్చుకుంటాను? తాళ్లు చుట్టుకుంటూనా?"

"ఈ ఒక్క మంచుకాలమే."

"ఈ మంచుకాలమే కదా నాకు పరీక్ష! ఏం, నాన్న మోచెయ్యి లేకపోతే ఊపిరాడదా?"

ఆమె నోరు తెరిచింది. ఏదో చెప్పబోయి నా మొహం కేసి చూసి మానేసింది. వంటింట్లోకి పోయి గిన్నెలు విసిరింది. అప్పుడు చెప్పి ఉంటే రేవు పనికి పోయేవాణ్ణి. ఒట్టు, పోయేవాణ్ణి. కానీ చెప్పలేదు.

ఆమె లేకుండా మొదటి మంచు పొద్దుల్లో ఏ తేడా రాలేదు. నేను "మెడ!" అంటే వెనకనుంచి "మెడ!" అని వచ్చేది. బయల్దేరిన కాసేపటికి మామూలుగా లోతు తగ్గేచోట "నడుము!" అంటే "నడుము!" అని వచ్చేది. ఇంజను కూడా సరిగ్గా అక్కడే తగ్గేది. ఇస్త్రీ సారు ఒకసారి మాతో వచ్చి, దిగేటప్పుడు నా వీపు తట్టాడు. రెండో లాంచీ నాదే అని గొణుగుడు కూడా ఒప్పుకున్నాడు. ఆయన నోట మంచి మాట రావడమే గొప్ప.

పైన ఎక్కడో నది మీద ఆనకట్ట తలుపులు తెరిచారు. నీళ్లు వచ్చి పోయాయి, ఇసుక కదిలింది. ఆ మర్నాడు పొద్దున లాంచీ నిండా జనం. పనులకెళ్లేవాళ్లు, బడిపిల్లలు, గంపలు, సైకిళ్లు. చెయ్యి చాపితే చెయ్యి కనపడని మంచు. నేను గడ వేశాను, "మెడ". తిరిగి "మెడ" వచ్చింది. మళ్లీ వేశాను. గడ దిగలేదు. ఎప్పుడూ నిలువు లోతుండే చోటది. గడ టక్కున ఇసుకని తాకింది.

"మోకాలు!" అని అరిచాను.

"మెడ!" అని వచ్చింది వెనకనుంచి, నింపాదిగా.

"మోకాలు! మోకాలు మామయ్యా! ఆపు!"

"మెడ!"

మూడోసారి నేను అరుస్తుండగానే లాంచీ ఇసుక మీదికి ఎక్కేసింది. నేను బోర్లా పడ్డాను. వెనక ఒక్కసారిగా కేకలు. లేచి చూసేసరికి కమ్మీ పక్కన ఒకావిడ వట్టి చేతులు చాపుకుని అరుస్తోంది. ఆమె చేతుల్లోంచి జారిన పసిపిల్ల కమ్మీకి అవతల వేలాడుతోంది. ఎవరో ముసలాయన ఆ పిల్ల గౌను పిడికిట్లో పట్టుకున్నాడు. నేను పరిగెత్తుకెళ్లి పిల్ల నడుము పట్టుకుని ఇవతలికి లాగాను. ఆ ముసలాయన పిడికిలి విప్పడానికి చాలాసేపు పట్టింది, పిల్లని తల్లికి ఇచ్చాక కూడా ఆయన ఆ గౌను వదల్లేదు.

జనం చక్రం మీదకి ఎగబడ్డారు. మామయ్య నన్ను చూశాడు. అందరి ముందూ "లోతు పిలవకుండా ఏం చేస్తున్నావురా? నిద్రపోతున్నావా?" అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. నా జన్మలో ఆయన నన్ను 'రా' అనడం అదే మొదటిసారి. జనాన్ని తోసుకుంటూ వెళ్లేసరికి ఆయన ఇంజను వైపు తిరిగి వంగి చూస్తున్నాడు. వీపు వెనక నిలబడి "మామయ్యా, నేను పిలవలేదా?" అన్నాను. పలకలేదు. "మామయ్యా!" అని గట్టిగా అరిచాను. గొణుగుడు ఉలిక్కిపడి ఇంజను గదిలోంచి తల పైకెత్తాడు. మామయ్య మాత్రం వంగి చూస్తూనే ఉన్నాడు.

నా కోపం అక్కడే చల్లారిపోయింది. దాని బదులు వచ్చింది భయం. ఇన్ని పొద్దులు నేను ఎవరితో మాట్లాడాను?

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక మా ఆవిడ మొత్తం చెప్పింది. రెండేళ్లుగా ఆయనకి వినపడటం లేదు. మనిషి మొహం కనిపిస్తే పెదాలు చూసి తెలుసుకుంటాడు. మంచులో నేను కనపడను కాబట్టి నా మాట ఆమె విని ఆయన మోచేతి మీద చెప్పేది. మెడ అయితే అరచెయ్యి, నడుము అయితే ఒక వేలు, మోకాలు అయితే గిల్లడం. ఆమెని దింపేశాక ఆయన నా పిలుపుల మధ్య పట్టే వ్యవధిని లెక్కగట్టుకుని, తనకి తెలిసిన నదిని తానే తిరిగి చెప్పుకుంటూ పోయాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే?"

"చెబితే ఏంటి? నేను పరాయివాణ్ణా?"

"చక్రం చక్రం అని అద్దంతో మాట్లాడేవాడివి బావా నువ్వు. రెండో లాంచీ వస్తుందని సారు అంటున్నాడు. రాకపోతే? అప్పుడు నీ కన్ను ఎక్కడ పడేది?"

చెంప మీద కొట్టినా అంత బాధ ఉండేది కాదు.

మామయ్య వచ్చి నా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నా మొహంలోకి చూశాడు. ఇన్నాళ్లూ మర్యాద అనుకున్న ఆ చూపు నా కళ్ల మీద కాదు, నా నోటి మీద ఉందని ఆ రోజే గమనించాను.

"రేపు సారు రమ్మన్నాడు. లోతు పిలవలేదని చెప్పు అల్లుడూ. చలికి గొంతు పట్టేసిందని చెప్పు. ఈ ఒక్క మాట నువ్వు పడు."

"నన్ను క్లాసులోంచి తీసేస్తాడు మామయ్యా."

"తియ్యనీ. మంచు విడవగానే నేనే దిగిపోయి నా చక్రం నీ చేతిలో పెడతా. నేను మాట తప్పే మనిషిని కాదు. చెవిటివాణ్ణి దింపేశారు అనిపించుకుని మాత్రం దిగలేను. ఈ రేవులో తలెత్తుకుని తిరిగినవాణ్ణి."

"మంచు విడిచేదాకా?"

"నది నాకు కంఠతా వచ్చు."

"నది మారింది మామయ్యా."

ఆయన ఆ మాట చూడనట్టు మొహం తిప్పుకున్నాడు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి రెండు చేతులూ జోడించింది. నాకు చేతులు జోడించే మనిషి కాదు ఆమె. నేను సరే అనలేదు, కాదనీ అనలేదు. సరే అన్నాననే ఇద్దరూ అనుకున్నారు.

మర్నాడు ఇస్త్రీ సారు గదిలో బల్లకి ఇవతల ఒకే కుర్చీ ఉంది. మామయ్యని కూర్చోబెట్టాడు. నేను ఆయన వెనక నిలబడ్డాను. కావాలని నిలబడలేదు, ఆ గదిలో ఇంకో చోటు లేదు. సారు ముందు మామయ్యని అడిగాడు. కళాసీ లోతు పిలవలేదనీ, కుర్రాడు మంచివాడేననీ, చలికి గొంతు పట్టేసిందనీ, ఈసారికి క్షమించమనీ మామయ్య చెప్పాడు. నన్ను కాపాడుతున్నట్టే చెప్పాడు.

సారు తల ఎత్తి నా కేసి చూశాడు. "నువ్వు చెప్పు. పిలిచావా, లేదా?"

మామయ్య మొహం సారు వైపే ఉంది. నా కళ్ల ముందు ఉన్నది ఆయన మెడ, నెరిసిన జుట్టు, శుభ్రంగా ఉతికిన చొక్కా కాలరు. దాన్ని ముందు రోజే మా ఆవిడ ఉతికి ఆరేసింది.

"పిలిచాను సార్" అన్నాను.

మామయ్య కదల్లేదు.

"మూడుసార్లు పిలిచాను. ఆయనకి వినిపించలేదు. వినిపించదు."

మామయ్య మెల్లగా తలూపుతున్నాడు. తను చెప్పమన్నట్టే నేను చెప్పేశాననుకుని, అవును పాపం అన్నట్టు తలూపుతున్నాడు.

సారు లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, మాకు వీపు పెట్టి నిలబడి, మామూలు గొంతుతో "సరంగు గారూ, మీ అమ్మాయికి రేవు పని నచ్చిందా?" అన్నాడు. కూతురి పేరెత్తితే చాలు మొహం విప్పారే మనిషి. మామయ్య బల్ల మీది పేపర్‌వెయిట్‌ని చూస్తూ కూర్చున్నాడు. ఆయన మోచెయ్యి నాకు జానెడు దూరంలో, కుర్చీ చేతి మీద ఉంది. వేలు ఆన్చితే చాలు, ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాడు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

సారు వెనక్కి తిరిగాడు. "సరే, వెళ్లండి" అన్నాడు, ఆయనకి మొహం కనపడేలా.

అప్పుడు నా మనసులో ఏముందని చాలామంది అడిగారు. కమ్మీకి అవతల వేలాడిన ఆ పిల్ల ఉంది. చక్రం కూడా ఉంది. రెండూ ఉన్నాయి. ఏది ఎంతో తూచి చెప్పడం నా వల్ల కాదు. ఆ పొద్దున ఆ లాంచీలో లేనివాళ్లు ఇంట్లో కూర్చుని తూచుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు.

మెట్లు దిగుతుంటే మామయ్య ఆగాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు. కళ్లలో నీళ్లు.

"నా పరువు నిలబెట్టావు అల్లుడూ. కన్న కొడుకు కూడా ఇంత చెయ్యడు."

నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు, నేను ఏదో అంటానని. ఆయనకి వినపడాలంటే నా పెదాలు కదలాలి. అవి కదల్లేదు. నా చెయ్యి పట్టుకునే మిగతా మెట్లు దిగాడు.

రెండు రోజుల తర్వాత ఆర్డరు వచ్చింది. మామయ్యకి విశ్రాంతి, చక్రం నాకు. రెండో లాంచీ సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. తెల్ల బోర్డు మీద బాణం చివరున్న బొమ్మని చూపించి ఇస్త్రీ సారు "చూశారా, ఇది ఎవరు?" అని క్లాసుని అడిగాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టాలి కాబట్టి కొట్టారు. గొణుగుడు ఆ తర్వాత నా దగ్గర సణగడం కూడా మానేశాడు, అడిగినదానికి అవును సార్, కాదు సార్ అంటాడు.

మా ఆవిడకి రేవులోనే తెలిసింది. ఇంటికొచ్చాక ఒక్కటే అడిగింది.

"నాన్న వెనక నిలబడి చెప్పావా బావా?"

"అవును."

"చెప్పినందుకు నేనేమీ అనను. ఆ పిల్ల తల్లిని నేనూ చూశాను. కానీ ఆయన మొహం ముందుకొచ్చి చెప్పాల్సింది."

అద్దం వైపు చూడకుండా కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాను.

మామయ్య నన్ను తిట్టలేదు. అన్నం మానెయ్యలేదు. రేవుకి రావడం మానేశాడు. కిటికీ పక్క మంచం మీద దుప్పటి కప్పుకుని కూర్చుంటాడు. కూతురు ఎదురుగా వచ్చి మాట్లాడితే ఆమె మొహంలోకి చూసి జవాబు చెప్తాడు. పక్కింటివాళ్లు వస్తే నవ్వుతాడు కూడా. నేను గదిలోకి అడుగు పెడితే కళ్లు మూసుకుంటాడు. అంతే. ఆయన కళ్లు మూసుకుంటే నేను మూగవాణ్ణి.

మొదట్లో నేనూ పంతానికి పోయాను. చూడకపోతే మానె, నేనేం దొంగతనం చేశానా అనుకున్నాను. కానీ పొద్దున్నే మంచులో చక్రం పట్టుకుని నిలబడితే, ముక్కు దగ్గర్నుంచి కొత్త కళాసీ "నడుము!" అంటాడు. నేను "నడుము!" అంటాను. ఆ గొంతు నాది కాదు, అచ్చం మామయ్య సాగదీసినట్టే సాగదీస్తాను. జనం గమనించి నవ్వుకున్నారు కూడా.

మంచు విడిచే రోజుల్లో ఒక మధ్యాహ్నం తిన్నగా ఇంటికి వచ్చేశాను. కొత్త ఇసుక మేట ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో కనుక్కున్నాం ఆ పొద్దున. నది మీద ఏ మార్పొచ్చినా ముందు ఆయనకి చెప్పడం నాకు అలవాటు. మంచం ముందు నిలబడ్డాను. కళ్లు మూసుకున్నాడు.

"మామయ్యా" అన్నాను, తెలిసి తెలిసీ.

కిటికీలోంచి ఎండ ఆయన మొహం మీద పడుతోంది. మోచెయ్యి దుప్పటి బయట ఉంది. నేను మోకాళ్ల మీద కూర్చున్నాను. మా ఆవిడ ఎలా పెట్టేదో అలాగే, ఒక వేలు ఆ మోచేతి మీద ఆన్చాను. ఆయనకి తెలిసింది. నడుము అని తెలిసింది, నేనే అనీ తెలిసింది.

కళ్లు తెరవకుండానే చెయ్యి దుప్పటి లోపలికి తీసేసుకున్నాడు.